పిల్లలతో ఫోరెన్సిక్ ప్రయోగాలు: ఏ తరగతికి ఏది బాగుంటుంది?

ఏసీబీకి ఎవరైనా పట్టుబడ్డారన్న వార్త పేపర్లో వస్తే, చివర్లో ఒక మాట ఉంటుంది: రసాయన పరీక్షలో చేతివేళ్లు గులాబీ రంగులోకి మారాయని. మా స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక రోజు ఆ పేపర్ ముక్క పట్టుకొచ్చి, "సార్, నీళ్లలో చెయ్యి పెడితే లంచం ఎలా బయటపడుతుంది?" అని అడిగింది. ఆ పీరియడ్‌లో చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి ఏటా ఏదో ఒక ఫోరెన్సిక్ ప్రయోగం చేయిస్తూనే ఉన్నాను. వేలిముద్రలు, సిరా, పాదముద్రలు, డీఎన్‌ఏ, ఉత్తుత్తి రక్తం అన్నీ అయ్యాయి. కొన్ని బ్రహ్మాండంగా వచ్చాయి, కొన్ని చేసిన శ్రమకు తగ్గ ఫలితం ఇవ్వలేదు. సైన్స్ డేకో, సైన్స్ క్లబ్‌కో ఇవి మొదలుపెడదామనుకునే టీచర్ల కోసం వాటిని పక్కపక్కన పెట్టి చెబుతాను.

నేను దేన్ని బట్టి ఎంచుకుంటానో ముందు చెప్పాలి. ఖర్చు ఎంత, పీరియడ్‌లో అవుతుందా, ప్రమాదం ఏమైనా ఉందా, ఇవి అందరూ చూసేవే. వీటికంటే ముందు నేను ఇంకొకటి చూస్తాను. ఆ ప్రయోగం చేశాక ఒక పిల్లవాడు "ఈ ఆధారంతో తేల్చలేం" అని రాసే వీలుందా, లేదా? వీలుంటే అది ఫోరెన్సిక్ పాఠం. లేకపోతే చూడటానికి సరదాగా ఉండే రంగుల ఆట. సినిమాల్లో కంప్యూటర్ టింగుమని మోగగానే దొంగ ఫొటో వచ్చేస్తుంది. పిల్లల మనసులో ఉన్నది ఆ బొమ్మే. ఇది చిన్న విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువు ఉంది. అంటే ఈ పిల్లలు పెద్దయ్యేసరికి, వాళ్ల ఊళ్లో జరిగే ప్రతి పెద్ద కేసులో ల్యాబ్ రిపోర్టు ఉంటుంది. ఆ రిపోర్టు ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలిసిన పౌరులు కావాలి.

పసుపు ట్రాప్: తక్కువ ఖర్చు, ఎక్కువ పాఠం

ఏసీబీ వాళ్లు నోట్ల మీద ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. అది కంటికి ఆనదు. నోట్లు ముట్టుకున్నవాళ్ల వేళ్లకు అంటుతుంది. ఆ వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే క్షార గుణానికి గులాబీ రంగు వస్తుంది. ఆ ద్రావణాన్ని సీసాల్లో సీలు వేసి, ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్ అయిన ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపుతారు. పిల్లల చేతికి ఫినాఫ్తలీన్ పొడి ఇవ్వకండి, దుమ్ము పీల్చడం మంచిది కాదు. దాని బదులు మన వంటింట్లో పసుపు ఉంది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడటం ప్రతి ఇంట్లో చూసిందే.

పసుపుపచ్చ కాగితాన్ని నోటంత కత్తిరించి, దాని మీద చిటికెడు పసుపు పల్చగా రుద్దండి. ఐదుగురిలో ఒకరు ఎవరూ చూడకుండా దాన్ని తీసి దాచి, చేతులు గుడ్డతో తుడుచుకోవాలి. తర్వాత అయిదుగురి వేళ్లనూ తడి దూదితో విడివిడిగా తుడిచి, ఆ దూది మీద బట్టల సోడా నీళ్లు రెండు చుక్కలు వేయండి. సోడా పిల్లల చర్మానికి తగలదు, దూదే రంగు మారుతుంది. పావుగంటలో అయిపోతుంది. ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

మొదటిసారి నేను దీన్ని మధ్యాహ్నం పెట్టాను. అయిదు దూదులూ ఎర్రబడ్డాయి! ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, అందరం పప్పన్నం తినొచ్చాం కదా" అన్నాడు. మధ్యాహ్న భోజనంలోని పసుపు అందరి కుడిచేతికీ ఉంది. ఆ రోజు తప్పిన ప్రయోగమే నేను చెప్పిన వాటన్నింటిలో మంచి పాఠం అయింది. దూది ఎర్రబడితే ఆ చేతికి పసుపు ఉందని అర్థం, అంతే. నోటు తీసింది అతనే అని కాదు. మరి ఏసీబీ వాళ్లు ఫినాఫ్తలీనే ఎందుకు వాడతారో పిల్లలే చెప్పేశారు: అది మామూలుగా ఎవరి చేతికీ ఉండదు కాబట్టి. ఇప్పుడు నేను కావాలనే రెండుసార్లు చేయిస్తాను, పొద్దున ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి.

వేలిముద్రలు: అందరూ మొదలుపెట్టేది, అందరూ తడబడేది

పిల్లలు ముందు అడిగేది ఇదే. అడగాలి కూడా, ఎందుకంటే దీని చరిత్రలో సగం మన దేశానిదే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టర్‌తో ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ముద్రలను వర్గీకరించే పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరే ఉండిపోయింది కానీ, ఆ లెక్కల వెనక పనిచేసింది అజీజుల్ హక్, హేమ్‌చంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు. ఆ ఇద్దరి పేర్లూ బోర్డు మీద రాయకుండా నేను ఈ పాఠం మొదలుపెట్టను.

మన పిల్లలకు ఇందులో సగం ముందే తెలుసు. "నీకు ఎన్ని చక్రాలు, ఎన్ని శంఖాలు?" అని అమ్మమ్మ వేళ్లు పట్టుకుని చూసే ఉంటుంది. ఫోరెన్సిక్ భాషలో వర్ల్ అంటే ఆ చక్రమే, లూప్ అంటే దాదాపు ఆ శంఖమే. మూడోది ఆర్చ్, కమానులా ఉంటుంది, అరుదు. సాధారణంగా వేళ్లలో 60 నుంచి 65 శాతం లూపులు, 30 నుంచి 35 శాతం వర్ల్‌లు, 5 శాతం దాకా ఆర్చ్‌లు ఉంటాయని చెబుతారు. నలభై మంది పిల్లలంటే నాలుగు వందల వేళ్లు. తరగతి మొత్తం లెక్కేసి పై చార్టు (వృత్తరేఖా చిత్రం) గీయించండి, గణితం సార్ కూడా సంతోషిస్తారు.

ఎనిమిదో తరగతి, ఆపైన పిల్లలకు హెన్రీ లెక్క నేర్పండి. కుడి బొటనవేలు 1, కుడి చిటికెనవేలు 5, ఎడమ బొటనవేలు 6, ఎడమ చిటికెనవేలు 10. చక్రం ఉన్న వేలికే విలువ: 1, 2 వేళ్లకు 16 చొప్పున, 3, 4కు 8, 5, 6కు 4, 7, 8కు 2, 9, 10కు 1. సరి సంఖ్య వేళ్ల మొత్తానికి ఒకటి కలిపితే లవం, బేసి సంఖ్య వేళ్ల మొత్తానికి ఒకటి కలిపితే హారం. ఒక్క చక్రం కూడా లేనివాళ్లకు 1/1, పదీ చక్రాలే అయితే 32/32. ఇలా మొత్తం 1024 రకాలు వస్తాయి, కార్డులు పెట్టే అరలో ఒక్కో రకానికి ఒక గడి. కంప్యూటర్ లేని రోజుల్లో వేల కార్డుల్లోంచి ఒక కార్డును వెతికిన లెక్క ఇది. ఒకే గడిలో ఇద్దరు పిల్లలు పడినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. గడి కలిసింది, మనిషి కలవలేదు.

ముద్ర ఎత్తడానికి పెన్సిల్ లెడ్ పొడి, మెత్తటి బ్రష్, సెల్లోటేపు చాలు. నున్నటి గాజు గ్లాసు మీద లెడ్ పొడి బాగుంటుంది. స్టీలు గ్లాసు మీద నల్లపొడి సరిగా కనబడదు. ముదురు రంగు ప్లాస్టిక్ డబ్బా అయితే మొహానికి రాసుకునే పౌడర్ చల్లి, నల్ల కాగితం మీద అంటించండి. వేలు పొడిగా ఉంటే నుదుటికి ఒకసారి రాసి ముట్టుకోమనండి. అయోడిన్ ఆవిరి, సూపర్ గ్లూ ఆవిరి పద్ధతులు వీడియోల్లో బాగుంటాయి కానీ, గాలి సరిగా ఆడని తరగతి గదిలో అవి వద్దు.

ఇక తడబడే చోటు. ఒకసారి గ్లాసు మీద వేలు పెట్టింది నేనే. నా ముద్ర ఉన్న కార్డు కూడా అనుమానితుల కార్డుల్లోనే ఉంది. ఎనిమిది గ్రూపులూ పోల్చి చూసి "ఎవరిదీ కాదు సార్" అన్నాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. రెండు ముద్రలూ తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే తెలిసింది: ఎడమవైపు తిరగాల్సిన లూప్ కార్డులో కుడివైపు తిరిగి ఉంది. గ్లాసు మీద పడే ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. టేపుతో ఎత్తి కాగితం మీద అంటించినా అలాగే ఉంటుంది. అనుమానితుల కార్డులకు మాత్రం మేం వేలికి లెడ్ రాసి, నేరుగా టేపు అద్ది, కాగితం మీద అతికించాం. అలా చేస్తే వేలిని ఎదురుగా చూసినట్టు వస్తుంది. రెండూ ఎడమ కుడి తారుమారు. దీనికి విరుగుడు తేలికే. వేలి టేపును పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద అంటించి, షీటు తిరగేసి చూడండి. లేదంటే అనుమానితులతో కూడా గ్లాసే ముట్టించండి.

నిపుణులు కూడా పొరబడ్డారు. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో దొరికిన ఒక ముద్రను అమెరికాలో ఎఫ్‌బీఐ ఒక లాయర్‌దని తేల్చింది. ఆయన్ను నిర్బంధించింది కూడా. తర్వాత స్పెయిన్ పోలీసులు అది వేరొకరిదని గుర్తించారు. ఇది చెప్పాక పిల్లలు భూతద్దం కాస్త ఎక్కువసేపు పట్టుకుంటారు.

సిరా రంగులు: నాకు అన్నిటికంటే ఇష్టమైనది

దీని పేరు క్రొమటోగ్రఫీ: కాగితం మీద నీళ్లతో పాటు పాకుతూ సిరాలోని రంగులు విడిపోవడం. పాఠంగా చెబితే మార్కుల కోసం చదువుతారు. "ఈ చీటీలో వంద అని రాసి ఉంటే ఎవరో ఇంకో సున్నా చేర్చారు, ఏ పెన్నుతో?" అని ఇస్తే ఇంటర్వెల్‌కు కూడా లేవరు. ఫిల్టర్ పేపర్‌ను వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, కింది నుంచి రెండు సెంటీమీటర్ల పైన పెన్సిల్‌తో గీత గీసి, గీత మీద చిన్న చుక్క పెట్టి, చుక్క మునగకుండా నీళ్లలో నిలబెట్టండి. గీత పెన్నుతో గీస్తే ఆ గీత కూడా పైకి పాకుతుంది. పది పదిహేను నిమిషాల్లో నల్ల స్కెచ్ పెన్ను నీలం, గులాబీ, పసుపుగా విడిపోతుంది. ఫిల్టర్ పేపర్ లేకపోతే చాక్‌పీస్‌కు అడుగు నుంచి కొంచెం పైన చుక్క పెట్టి నీళ్లలో నిలబెట్టినా చాలు.

పల్లెటూరి షాపులో దొరికే పెన్నుల్లో బాల్‌పెన్ను సిరా నీళ్లలో కదలదు. దానికి స్పిరిట్ కావాలి, హ్యాండ్ శానిటైజర్ కూడా కొంత పనిచేస్తుంది. కొన్ని జెల్ పెన్నులు దేనికీ కదలవు. ముందు రోజు సాయంత్రం మీరే ఒకసారి అన్ని పెన్నులూ పరీక్షించుకోండి. తరగతిలో కదలని పెన్ను బయటపడితే పీరియడ్ పోయినట్టే.

వేలిముద్రతో పోలిస్తే దీని బలం ఇక్కడుంది: ఫలితం అందరికీ ఒకేసారి, దూరం నుంచి కూడా కనబడుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో అది చాలా ముఖ్యం. వేలిముద్రకు ఒక్కొక్కరికీ భూతద్దం కావాలి. ఇంకో సంగతి, రంగులు కలిస్తే "అదే రకం పెన్ను" అని మాత్రమే చెప్పగలం, "అదే పెన్ను" అని చెప్పలేం. ఒకే షాపులో కొన్న రెండు పెన్నులు ఒకేలా విడిపోతాయి. అందుకే నేను ఎప్పుడూ నాలుగు అనుమానిత పెన్నులు ఇచ్చి, వాటిలో ఏదీ కాని ఐదో పెన్నుతో చీటీ రాస్తాను. "ఏదీ కాదు" అని ధైర్యంగా రాసిన గ్రూపుకే ఎక్కువ మార్కులు.

పాదముద్రలు

దీనికి పీరియడ్ చాలదు, ఆరుబయట రెండు పీరియడ్లు కలిపి చేయాలి. తడి మట్టిలో అడుగు వేయించి, రెండు పాళ్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఒక పాలు నీళ్లు కలిపి పోసి, అరగంట ఆగి ఎత్తండి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. చేతినో పాదాన్నో నేరుగా అందులో పెట్టనివ్వకండి. 2007లో బ్రిటన్‌లో ఒక స్కూల్లో ప్లాస్టర్‌లో చేతులు పెట్టిన అమ్మాయి వేళ్లు కోల్పోయింది. మట్టిలో పోయడం వేరు, చేతికి పూయడం వేరు, ఈ తేడా పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ప్రభుత్వం అందరికీ ఒకేలాంటి బూట్లు ఇచ్చిన బడుల్లో ఈ ప్రయోగం దెబ్బతింటుందని అనిపిస్తుంది. నిజానికి అప్పుడే బాగుంటుంది. అడుగున డిజైన్ ఒకటే, సైజు ఒకటే, తేడా ఎక్కడ? మడమ దగ్గర అరుగుదల, గాజు పెంకుకు తెగిన గాటు, ఇరుక్కున్న చిన్న రాయి. మా పిల్లల్లో ఒకడు ఎడమ మడమ బయటివైపు అరిగిందని చెప్పి ముగ్గురిలోంచి సరైన బూటు పట్టాడు. ప్లాస్టర్ వద్దనుకుంటే, కొలతలతో సరిపెట్టండి. పాదం పొడవు ఎత్తులో దాదాపు 15 శాతం ఉంటుంది. తరగతిలో అందరి పాదాలూ, ఎత్తులూ కొలిచి గ్రాఫ్ గీస్తే, ఎంత తేడా రావచ్చో వాళ్లకే కనబడుతుంది.

డీఎన్‌ఏ: ఆశ్చర్యం ఎక్కువ, ఆధారం తక్కువ

అరటిపండు పిసికి, ఉప్పునీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, వడగట్టి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచిన స్పిరిట్ గ్లాసు అంచు నుంచి నెమ్మదిగా పోస్తే తెల్లటి దారాలు తేలతాయి. పిల్లలు "ఓ" అని అరుస్తారు. జీవశాస్త్రం పాఠంగా నాకు ఇది చాలా ఇష్టం. ఫోరెన్సిక్ పాఠంగా మాత్రం చివరి వరసలో పెడతాను. అరటిపండైనా, ఉల్లిపాయైనా అవే దారాలు. ఎవరిదో అది చెప్పదు. పోల్చడానికి ఏమీ లేనప్పుడు "తేల్చలేం" అనే మాటకే చోటు లేదు. స్పిరిట్ ఉన్న బల్ల దగ్గర నిప్పు ఉండకూడదు, అది గుర్తుంచుకోండి.

చేయించాలనుకుంటే వెంటనే కాగితం ఆట కలపండి. 1984లో బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను మన దేశంలో నిలబెట్టింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం. ఆ పని కోసమే అక్కడ సీడీఎఫ్‌డీ అనే సంస్థ కూడా వచ్చింది. బార్‌కోడ్‌లా గీతలున్న పట్టీలు, ఆ పరీక్షలో వచ్చేలాంటివి, గీసి పోల్చమనండి. తండ్రి ఎవరు, తల్లి ఎవరు అనే కథలు మాత్రం స్కూల్లో వద్దు, ఏ పిల్లవాడి ఇంట్లో ఏముందో మనకు తెలియదు. నేను తప్పిపోయిన దూడ ఏ ఆవుదో కనుక్కోమంటాను. దూడ పట్టీలో ప్రతి గీతా తల్లి నుంచో, ఎద్దు నుంచో రావాలి. పది నిమిషాల్లో అర్థమైపోతుంది.

రక్తం జోలికి

వేలికి సూది పొడిచి బ్లడ్ గ్రూపు చూపించే ప్రయోగం స్కూల్లో చేయకండి. హెపటైటిస్ బి లాంటివి ఒకరి నుంచి ఒకరికి సోకే ప్రమాదం ఉంది, మన దగ్గర ఆ ఏర్పాట్లు ఉండవు. బీట్‌రూట్ నీళ్ల మరకను బట్టి చుక్క ఏ కోణంలో పడిందో లెక్కించడం పదో తరగతికి పనికొస్తుంది. మరక వెడల్పును పొడవుతో భాగిస్తే కోణం సైన్ వస్తుంది. ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, పది మిల్లీమీటర్ల పొడవు ఉంటే ముప్పై డిగ్రీలు. త్రికోణమితి ఎందుకని అడిగేవాళ్లకు మంచి జవాబు. చిన్న తరగతులకు ఆ ఎర్రరంగు చూపించాల్సిన పనిలేదు.

కిట్ కొనాలా?

ఇంట్లో ఒక్క పిల్లవాడి కోసమైతే ఆన్‌లైన్‌లో దొరికే డిటెక్టివ్ కిట్ కొనండి, తప్పులేదు. తరగతికి మాత్రం వద్దంటాను. అందులో పౌడర్ నలుగురికే అయిపోతుంది. పైగా జవాబు పెట్టె మీదే రాసి ఉంటుంది. ఆ డబ్బుతో పది భూతద్దాలు కొంటే పదేళ్లు ఉంటాయి. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడి అయితే, అక్కడున్న పరికరాలు ఒకసారి చూసుకున్నాకే కొనే సంగతి ఆలోచించండి.

కథ ఎవరిది, దొంగ ఎవరు?

ప్రయోగం ఏదైనా, కథలో దొంగగా పిల్లల్ని పెట్టకండి. మొదటి ఏడాది ఒక కుర్రాణ్ణి ఒప్పించి "దొంగ"ను చేశాను. వాడు నవ్వుతూనే ఒప్పుకున్నాడు. వారం తర్వాత కూడా గ్రౌండ్‌లో వాణ్ణి "దొంగ" అనే పిలుస్తున్నారని తెలిసింది. వాళ్ల నాన్న స్కూలుకొచ్చి ఏమీ అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి మా కథల్లో దొంగ నేనే, లేకపోతే పీఈటీ సార్. పోయేది స్టాఫ్‌రూమ్‌లోని లడ్డూ డబ్బా. హత్యలు, శవాలు అక్కర్లేదు.

ఇక ఎంపిక. ఏడాదికి ఒక్క పీరియడ్ మాత్రమే దొరుకుతుందంటే, ఏ తరగతైనా సరే, సిరా ప్రయోగం పెట్టండి. ఆరు, ఏడు తరగతులకు పసుపు ట్రాప్ చాలు, రెండుసార్లు చేయించండి. ఎనిమిదికి వేలిముద్రలు, హెన్రీ లెక్కతో సహా, కనీసం రెండు పీరియడ్లు పెట్టుకుని. ఆవరణ, మట్టి, ఓపిక ఉంటే తొమ్మిదికి బూట్ల ముద్రలు. డీఎన్‌ఏ ఇంటర్ పిల్లలకు, లేదా సైన్స్ డే రోజు వచ్చే తల్లిదండ్రులకు చూపించడానికి ఉంచండి.

వేలిముద్రలు ఎంచుకుంటే పీరియడ్ చివర్లో ఐదు నిమిషాలు మిగుల్చుకోండి. రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలతో సిలికాన్ ముద్రలు చేసి, ఆధార్ చెల్లింపుల్లో జనం డబ్బు కాజేసిన కేసులు మన దగ్గరే బయటపడ్డాయి. అందుకని కార్డులు గోడ మీద అంటించకండి, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి, బీరువాలో దాచకండి. ఎవరి కార్డు వాళ్లకు ఇచ్చేసి, గ్లాసులు సబ్బుతో కడిగించి పంపండి.